మాస్టారు పెన్సిలయ్యే వేళ

మా అబ్బాయి ఆన్‌లైన్‌లో సెంటు ఒకటి తెప్పించుకున్నాడు. అట్టపెట్టె మీద ఉడీ స్పైసీ అని ఉంది, అంటే చెక్కా మసాలా కలిసిన వాసన. అమ్మేవాళ్ళ పేజీలో అది ఎవరికి నప్పుతుందో కూడా రాశారట, వాడే చదివి వినిపించాడు. ఆత్మవిశ్వాసం ఉన్నవాడికి, తక్కువ మాట్లాడేవాడికి, గదిలో అడుగు పెడితే నలుగురూ తల తిప్పి చూసేవాడికి.

"అమ్మా, నాకు నప్పుతుందంటావా?" అని మణికట్టు మీద కొట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. మిరియాలు, ఏలకులు, మధ్యలో నారింజ తొక్క పులుపు. "ఇప్పుడే ఎలా చెప్తాను, సాయంత్రం రా" అన్నాను. వాసన చూడటానికి సాయంత్రం దాకా ఎందుకో వాడికి అంతుపట్టలేదు.

సాయంత్రానికి వాడు సంగతే మర్చిపోయాడు. ఫోన్ చూసుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడు తగిలింది నాకు. అప్పుడే చెక్కిన పెన్సిల్, ఎండు చెక్క, అడుగున ఎక్కడో లవంగం. నలుగురూ తల తిప్పి చూడటం అన్న ముక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఈ వాసన నాకు పరిచయం చేసిన మనిషి గదిలోకి వస్తే, వచ్చినట్టు కూడా ఎవరికీ తెలిసేది కాదు.

*

ఆయన కంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి.

చిన్నప్పుడు నేను నిద్ర లేచేది నాన్న గడ్డం గీసుకునే చప్పుళ్ళకి. గిన్నెలో సబ్బు మీద బ్రష్షు గిరగిరా తిరిగే చప్పుడు, రేజర్‌ని మగ్గు అంచుకి కొట్టే చప్పుడు, ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. గొంతు దగ్గర గీసుకుంటున్నారని అర్థం. చివర్న అరచేతుల్లో ఆఫ్టర్‌షేవ్ పోసుకుని రెండు చెంపలూ ఒకేసారి చరుచుకుని "స్స్" అనేవారు. అంతే, ఇక మంచం దిగాల్సిందే. ఆ మంట సెంటుది కాదు, ఆల్కహాల్‌ది. ఆఫ్టర్‌షేవ్‌లో అసలు సువాసన నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళ దాకానే ఉంటుంది. మిగతాదంతా చాలావరకు ఆల్కహాలూ నీళ్ళూ.

నాన్న చెంప లవంగం వాసన వేసేది. ఒకసారి పన్ను పుచ్చిపోతే డాక్టరు దగ్గర ఏదో తెల్లటి ముద్ద పెట్టించుకొచ్చాను. కుర్చీలో ఉన్నంతసేపూ ఆ గదినిండా నాన్న చెంప వాసనే. దాంతో ఇంటికొచ్చాక చాలా రోజులు నాన్న దగ్గరికి పోలేదు. "నేనేం చేశానే?" అని పాపం ఆయన అందర్నీ అడిగేవారు. ఆయనేమీ చేయలేదు. లవంగ నూనెలో ఎక్కువ పాలు యూజెనాల్ అనే పదార్థం. దాన్నే జింక్ ఆక్సైడ్‌తో కలిపి పన్ను గుంటలో తాత్కాలికంగా కూరతారు. మసాలా వాసన ఉన్న మగవాళ్ళ సెంట్లలో చాలావాటికి ఘాటు ఇచ్చేదీ అదే. ఈ సంగతి తెలిసేసరికి నాకు పెళ్ళీడు వచ్చింది.

నాన్న వాడిన తెల్ల సీసా మీద ఓడ బొమ్మ ఉండేది. ఓల్డ్ స్పైస్ అన్న పేరుతో షుల్టన్ కంపెనీ మొదట, 1937లో, తెచ్చింది ఆడవాళ్ళ కోసం. మగవాళ్ళ రకం వచ్చింది ఆ మరుసటి ఏడు, 1938లో. ఎక్కడో చదివి అమ్మకి చెప్తే, "అయితే ఇన్నాళ్ళూ నాది వాడుకున్నారన్నమాట" అంది. నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు.

*

నా మొదటి ఉద్యోగం ఒక డ్రాయింగ్ ఆఫీసులో. భవనాల ప్లాన్లు గీసే చోటు. కంప్యూటర్ అనే మాట అప్పటికింకా ఆ గుమ్మం తొక్కలేదు. వరసగా వాలు బల్లలు, వాటి మీద గీతలు గీసే పరికరాలు, డ్రాఫ్టర్లు, టీ-స్క్వేర్లు, ఒక్కో బల్లకి ఒక్కో దీపం. ఉన్న ఆడవాళ్ళలో గీత గీసేది నేనొక్కదాన్నే, మిగతా ఇద్దరూ టైపు సెక్షన్.

ఆ గదికి దానివైన చప్పుళ్ళుండేవి. ట్రేసింగ్ పేపర్ చుట్ట విప్పితే గరగరమనేది. సెట్ స్క్వేర్ జారి కింద పడితే అందరూ ఒకేసారి "అయ్యో" అనేవాళ్ళు, మూల విరిగితే ఇక అది పనికిరాదు కాబట్టి. ఇంకు పెన్ను పూడుకుపోతే చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్ళం. లోపలి సన్నటి సూది టిక్‌టిక్‌మని ఆడితే పెన్ను బతికినట్టు. ఎవరో ఒకరు ఎప్పుడూ ట్రేసింగ్ మీద గోకుతూనే ఉండేవాళ్ళు. తప్పు గీతని చెరపడానికి గడ్డం బ్లేడుని రెండుగా విరిచి ఆ సగంతో ఇంకుని పైపైన గోకి, గోకిన చోటుని గోటితో రుద్ది నున్న చేయాలి. లేకపోతే మళ్ళీ గీసినప్పుడు ఇంకు పాకుతుంది.

వాసనల్లో మొదటిది అమోనియా. పక్క గదిలో ప్రింటు మిషన్ ఉండేది. మందు పూసిన కాగితం మీద ట్రేసింగ్ పెట్టి వెలుతురు చూపిస్తే గీతలున్న చోట తప్ప మిగతా మందు పోతుంది, ఆ కాగితానికి అమోనియా ఆవిరి తగిలితే గీతలు నీలంగా పైకి తేలతాయి. తలుపు తీస్తే కళ్ళు చెమర్చేవి. ప్రింట్లు తీసే కుర్రాడికి ఏ వాసనా తెలిసేది కాదు, తెలియదని వాడికి బెంగా లేదు.

రెండోది చెక్కిన పెన్సిళ్ళది. మూడోది మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారిది. ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం.

*

ఆయన బల్లల వెనక నుంచి నడిచేవారు. వచ్చినట్టు తెలిసేది కాదు అన్నాను కదా, నిజంగానే అంతే. మన భుజం పక్కనుంచి షీటు మీదకి వంగినప్పుడు మాత్రం తెలిసేది. పొద్దున అయితే మిరియాలు, ఏలకులు. మధ్యాహ్నానికి అవి పోయి దాల్చిన చెక్క, లవంగం. మూడు దాటాక అవీ పల్చబడి ఉత్త చెక్క మిగిలేది. ఆయన షీటు మీదకి వంగారో, ఎవరో పెన్సిల్ చెక్కుతున్నారో చెప్పలేని పరిస్థితి. అందుకే మాలో మాకు ఒక మాట పుట్టింది. టైమెంతయిందిరా అంటే, "మాస్టారు పెన్సిలయ్యారు" అనేవాళ్ళు. మూడు దాటింది, ఇంకాసేపట్లో ఇంటికి పోవచ్చు అని.

ఆ పోలిక ఊరికే కుదిరింది కాదు. పాత పెన్సిళ్ళకి పేరుపడ్డ చెక్క వర్జీనియా సెడార్. సెడార్ అంటారు గానీ అది నిజానికి జూనిపర్ జాతి చెట్టు. దాని పొట్టూ రంపపు పొడీ ఆవిరి పట్టి తీసిన నూనెనే సెంట్లలో వాడతారు. అంటే మా చెత్తబుట్టలో పోగుపడేదీ మాస్టారి చొక్కా మీద ఉండేదీ దాదాపు ఒకటే. వాసన గంటగంటకీ మారడం కూడా చెట్ల చలవే. నారింజ తొక్కలోని తేలిక నూనెలు పావుగంటలో ఎగిరిపోతాయి. మసాలాలు ఇంకాసేపు నిలుస్తాయి. చందనం, వట్టివేరు, పచౌలి లాంటివి బరువైనవి, అవి చర్మాన్ని పట్టుకుని రాత్రి దాకా ఉంటాయి. కొనేవాడు దుకాణంలో చూసేది ఆ మొదటి పావుగంటనే. మన దగ్గర మెలిగేవాళ్ళకి మాత్రం మిగతా రోజంతా.

*

ఆయన చాలా గొప్ప మనిషని రాద్దామని కూర్చోలేదు. పిసినారి. డబ్బు విషయంలో కాదు, మెప్పు విషయంలో. మంచి పెన్నులన్నీ తన బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. నేను చేరిన కొత్తల్లో చాలాకాలం నాకు గీతలే ఇవ్వలేదు, షీట్ల మీద అక్షరాలు రాయడమే నా పని. గదుల పేర్లు, కొలతలు, ఉత్తర దిక్కు బాణం. "ఆడపిల్ల చేతిరాత బాగుంటుంది" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. తర్వాత నా గీత చూసి ఆ మాట మానేశారు గానీ, మానేసినట్టు చెప్పలేదు.

0.35 మిల్లీమీటర్ల మందం పెన్నుతో గీయాల్సిన చోట 0.5తో గీస్తే గుమ్మం దగ్గర నిలబడే పట్టేసేవారు. ఎర్ర పెన్సిల్ ఆయన చేతిలో ఎప్పుడూ చూడలేదు. తప్పు దగ్గర 4హెచ్ పెన్సిల్‌తో, అంటే గట్టిగా ఉండి లేతగా గీసేదాంతో, ఒక చిన్న చుక్క, అంతే. ఆ చుక్క వెతుక్కోవడం మన పని.

ఒకసారి ఒకతను మెట్ల సెక్షన్, అంటే నిలువుగా కోస్తే కనిపించే బొమ్మ, గీశాడు. లెక్క తప్పి ఒక మెట్టు తక్కువైంది. మాస్టారు చాలాసేపు చూసి, "బాబూ, నీ పెన్సిల్‌తో ఈ మెట్లెక్కు" అన్నారు. అతను కింద నుంచి పెన్సిల్ మొన ఒక్కో మెట్టు మీద ఆనిస్తూ వెళ్ళి పైన ఆగిపోయాడు. "ఎందుకాగావ్? పైకి పో." "మెట్టు లేదు సార్." "ఆహా" అని మాస్టారు పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. కేకలేసి ఉంటే రెండ్రోజుల్లో మర్చిపోయేవాడు. ఇప్పటికీ అతను కనిపిస్తే ఆ "ఆహా" అంటూ చూపిస్తాడు.

మిరియాల గురించి తర్వాతెప్పుడో చదివాను. నోట్లో పెట్టుకుంటే మండించేది పైపరిన్. ఆవిరి పట్టి నూనె తీసినప్పుడు అది నూనెలోకి రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది. కాబట్టి సెంటులో పడే మిరియాల నూనెకి ఘాటు ఉంటుంది, మంట ఉండదు. అది చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ మెట్ల షీటే.

*

ఆయన వాడే సీసా ఏదో కుర్రాళ్ళు ఎలాగో కనిపెట్టారు. ఒకడు కొన్నాడు, వాణ్ణి చూసి ఇంకొకడు, చూస్తుండగానే సగం గది అదే సెంటు. అందులో ఒకడు చొక్కా తడిసేలా కొట్టుకొచ్చేవాడు. పైగా వాడి ఫిర్యాదు ఏమిటంటే, పదింటికల్లా వాసన పోతోందని, దుకాణంవాడు నీళ్ళు కలిపాడని. పోయింది వాసన కాదు. ఒకే వాసన ఆపకుండా తగులుతుంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. తనకి తెలియట్లేదని వాడు మధ్యాహ్నం మళ్ళీ కొట్టుకునేవాడు. చుట్టుపక్కల మేం తలనొప్పితో చచ్చేవాళ్ళం. దానికి తోడు అమోనియా.

ఒక పొద్దున మాస్టారు గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, "ఏమిటి, ఇవాళ అందరూ నేనేనా?" అన్నారు. వెళ్ళి కిటికీలు ఒక్కొక్కటే తెరిచారు. మర్నాటి నుంచి గది మళ్ళీ మామూలైంది. ఆ చొక్కా తడుపుకునేవాడు మాత్రం ఇంకో రకానికి మారాడు, సముద్రం, పుచ్చకాయ అంటూ తేలిక రకాలు అప్పుడే వస్తున్నాయి. నిజం చెప్పాలంటే వాడికి అదే నప్పింది. వాడు వచ్చీ రాగానే జోకులు మొదలుపెట్టే మనిషి, పదింటికల్లా అందరికీ స్నేహితుడు. మూడింటి దాకా ఆగి చూడాల్సినంత వాడిలో దాచుకున్నదేమీ లేదు, వాడికా అవసరమూ లేదు.

ఇంకొకాయన ఉండేవాడు, కాంట్రాక్టరు. మెట్ల మీద ఉండగానే ఆయన వచ్చినట్టు తెలిసేది. అదీ చెక్కా మసాలానే, ఖరీదైనదని కూడా తెలుస్తూనే ఉండేది. కరచాలనం చేస్తే మన చేతికి అంటుకుని సాయంత్రం దాకా వదలదు. అమ్మేవాళ్ళు రాసిన గుణాలన్నీ ఆయనలో ఉన్నాయి. ఆత్మవిశ్వాసం ఉంది, నలుగురూ తల తిప్పి చూస్తారు. ఆయనిచ్చిన కొలతలు మాత్రం మాస్టారు ప్రతిసారీ మనిషిని పంపించి మళ్ళీ తీయించేవారు.

కాబట్టి సెంటుకీ స్వభావానికీ ముడిపెట్టే రాతలు నేను పెద్దగా నమ్మను. ఒక్కటి మాత్రం నమ్ముతాను. ఈ జాతి సెంటు తొందర ఉన్నవాళ్ళకి నప్పదు. రాగానే మార్కులు కొట్టేయాలనుకునేవాడు దీన్ని ఎక్కువ కొట్టుకుంటాడు, ఎక్కువైతే లవంగం, దాల్చిన చెక్క తలకెక్కుతాయి. కాసేపు తన గురించి ఎవరూ ఏమీ అనుకోకపోయినా పరవాలేదనుకునే మనిషికి ఇది చేతి గడియారంలా ఒంటి మీద కుదురుతుంది.

*

ఇక నా సంగతి. ఒక నెల జీతంలోంచి అదే సీసా, చిన్న సైజుది, కొన్నాను. అన్నయ్యకి అని దుకాణంలో చెప్పాను. అడక్కపోయినా చెప్పాను, అదీ అప్పటి భయం. ఆడవాళ్ళంటే పూలు, మగవాళ్ళంటే చెక్కలు అని ఎవరు పంచిపెట్టారో తెలియదు. చెట్టు ఒకటేగా. తర్వాత 1992లో షిసైదో కంపెనీ సెడార్ చెక్కనే ముఖ్యంగా పెట్టి ఆడవాళ్ళ కోసం ఫెమినితే ద్యు బువా తెచ్చింది. అప్పుడు నా దుకాణం అబద్ధం గుర్తొచ్చింది.

మొదటిసారి ఆఫీసుకి పెట్టుకుని వెళ్ళిన రోజు గుండె దడదడలాడింది. మాస్టారు ఎప్పటిలాగే వెనక నుంచి వచ్చి షీటు మీదకి వంగారు. ఆగారు. వాసన పట్టారని తెలుస్తూనే ఉంది. ఏమంటారోనని నేను పెన్ను పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను.

"మణికట్టుకి వద్దమ్మా. ట్రేసింగ్‌కి నూనె అంటితే ఇంకు పట్టదు. చెవి వెనక రాసుకో."

అంతే. వెళ్ళిపోయారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, చేతి జిడ్డు తగిలినా గీత మధ్యలో తెగిపోతుంది, అందుకే షీటు మీద సుద్దపొడి చల్లి తుడిచి మొదలుపెట్టేవాళ్ళం. మగవాళ్ళ సెంటు ఎందుకు పెట్టుకున్నావని ఆయన ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అక్షరాలు రాయించిన కాలం కోపం నాకు పూర్తిగా పోయింది ఆ రోజే అనుకుంటాను.

*

ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ముందు ఒకటి, దానికో ప్రత్యేకమైన గది, చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. చూస్తుండగానే బల్లలు ఒక్కొక్కటీ గోడవారకి చేరాయి. అమోనియా మిషన్‌ని ఎవరో ఇనుప సామాను కింద పట్టుకుపోయారు. ప్లాటర్ అనేది వచ్చి మేం వారం గీసే షీటుని నిమిషాల్లో గీసి పారేసేది. గీతల మందం ఇప్పుడు రంగుల లెక్క. తెర మీద ఎర్ర గీత ఒక మందం, పచ్చ గీత ఇంకొక మందం. మాస్టారు నేర్చుకున్నారు, అందరూ అనుకున్నదానికంటే బాగానే నేర్చుకున్నారు. కానీ ఆ గదిలో పెన్సిళ్ళు చెక్కేవాళ్ళు లేరు కదా. మూడింటికి ఆయన పక్కనుంచి వెళ్తే ఆ వాసన ఒక్కటే, ఒంటరిగా, మొదటిసారి ఒక సెంటులా అనిపించింది నాకు.

రిటైరయ్యాక కొన్నేళ్ళకి ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. కూర్చోకముందే ఫిర్యాదు మొదలుపెట్టారు. సీసా అదే, పెట్టె అదే, లోపలిది మార్చేశారు అని. ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు, వయసొచ్చి ముక్కు పనిచేయట్లేదని వాళ్ళ వాదన. వయసుతో ముక్కు మందగించడం ఉన్నదే. కానీ సెంట్లు మారడమూ ఉన్నదే. 2005లో ఐరోపా దేశాల్లో ఎలర్జీ తెప్పించే 26 సువాసన పదార్థాలు మోతాదు దాటితే పెట్టె మీద పేరు వేయాలన్న నిబంధన వచ్చింది. ఆ జాబితాలో యూజెనాల్ ఉంది, దాల్చిన చెక్క వాసననిచ్చే సిన్నమాల్ ఉంది, పాత మగవాళ్ళ సెంట్లకి అడుగున చీకటి తెచ్చే, ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్ ఉంది. ఇఫ్రా అనే సువాసన పరిశ్రమ సంస్థ వీటి మోతాదుకి హద్దులు కూడా పెట్టింది. మంచి చందనం దొరకడం కూడా కష్టమైపోయింది. చెట్టు పక్క చెట్ల వేళ్ళ మీద ఆధారపడి పెరుగుతుంది, లోపలి చేవకి వాసన పట్టడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి పాత సెంట్లని చాలావాటిని కూర్పు మార్చి, పేరు మార్చకుండా అమ్ముతున్నారు.

ఆయన వాదన జోలికి పోలేదు. బీరువాలోంచి అడుగున చెంచాడు మిగిలిన పాత సీసా తీశారు, పక్కన కొత్తది పెట్టారు. ట్రేసింగ్ పేపర్‌ని స్కేలు పెట్టి సన్నటి ముక్కలుగా కోశారు. అప్పటికీ ఆ ఇంట్లో ట్రేసింగ్ పేపర్ ఉంది! ముక్కల చివర ఎ అని, బి అని రాశారు, అదే రాత, నిటారుగా, సమానంగా. నన్ను అటు తిరగమని ఒకదానికి పాతది, ఒకదానికి కొత్తది రాశారు. "ఇప్పుడు చెప్పకు. ఆగు" అన్నారు.

నేను రెంటినీ బల్ల మీద పెట్టుకుని, పాత ఆఫీసు వాళ్ళ కబుర్లు చెప్తూ కూర్చున్నాను. ఎవరెక్కడున్నారు, ఎవరికి పిల్లలు. మెట్టు మర్చిపోయినతను ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాడంటే, "మెట్లు లెక్కపెడుతున్నాడా?" అన్నారు.

బాగా పొద్దుపోయాక ముక్కలు ఇమ్మన్నారు. ఒకటి పల్చగా, శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో లవంగం ఇంకా ఉంది, దాని కింద చెక్క, దాని కింద తడి మట్టి. "బి పాతది" అన్నాను. ఆయన కాగితం తిప్పి ఇంట్లోవాళ్ళకి చూపించారు. వెనక 4హెచ్‌తో ఎప్పుడో రాసి పెట్టుకున్నారు, పాతది అని.

వాళ్ళు ఒప్పుకున్నారు. ఆయన ముఖంలో గెలిచిన సంబరం ఏమీ లేదు. కాసేపు ఎ ముక్కని పట్టుకుని చూసి, "మొదటి పది నిమిషాలు మాత్రం కొత్తదే బాగుందమ్మా, అదీ చెప్పాలి" అన్నారు. చెప్పడమే కాదు, ఆ ముక్క మీద, తన రాతలో, అది కూడా రాశారు.